ఫోర్డు రెండు మొండితనాలు – హాట్‌రాడ్ బ్రేకుల కథ

మోటారు వాహనాల చరిత్ర రాసేవారిలో ఎక్కువమంది వేగం గురించే రాస్తారు. ఏ యేడు ఏ ఇంజనుకు ఎన్ని అశ్వశక్తులు, ఏ పందెంలో ఎవరు ఎంత వేగంతో గెలిచారు అన్నవి పట్టికలు పట్టికలుగా దొరుకుతాయి. ఆ వేగాన్ని నిలువరించిన సాధనం గురించి రాసినవారు మాత్రం అరుదు. పరుగుకున్న కీర్తి ఆగడానికి లేదు గదా! కాని ఒక కాలపు యంత్రాలను, వాటిని నమ్ముకున్న మనుషులను అర్థం చేసుకోవడానికి ఇంజనుకన్నా బ్రేకే మంచి సాక్షి అని నాకు కొన్నేళ్లుగా అనిపిస్తోంది. ఇంజనుకు చేసిన మార్పుల్లో గొప్పకోసం చేసినవీ ఉంటాయి. బ్రేకుకు చేసిన మార్పు దాదాపు ఎప్పుడూ అవసరం కొద్దీ చేసినదే. ఈ టపాలో అటువంటి ఒక మార్పు కథ చెబుతాను.

ముందుగా హాట్‌రాడ్ అంటే ఏమిటో తెలియని మిత్రులకు రెండు మాటలు. పాత ఫోర్డు కారును చవకగా కొని, బరువు తగ్గించడానికి మడ్‌గార్డులూ పైకప్పూ ఊడబీకి, ఇంజనును సొంత చేతులతో బలపరచి, ఇంకా వేగంగా పరుగెత్తేటట్లు తీర్చిన బండి హాట్‌రాడ్. దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు 1920ల నుంచే ఈ పని చేస్తున్నారు. మొదట్లో ఇటువంటి బండ్లను ‘గౌ జాబ్’ అనేవారు. హాట్‌రాడ్ అన్న పేరు రెండవ ప్రపంచయుద్ధం ముగిసే నాటికి వాడుకలోకి వచ్చింది. ఈ బండ్లలో అన్నిటికన్నా ఎక్కువ ప్రతిష్ఠ 1932 ఫోర్డు రోడ్‌స్టర్‌ది. 65 అశ్వశక్తుల వి-8 ఇంజను సామాన్యుడికి అందే ధరలో మొదటిసారి వచ్చింది ఆ యేడే.

నేటికీ ఇటువంటి పాతబండ్లను తీర్చిదిద్దేవారు చాలామంది ఉన్నారు. వారిలో ఒక వర్గం ఒక నియమం పెట్టుకుంటుంది. ఒక సంవత్సరాన్ని ఎంచుకుని, ఆ సంవత్సరం తరువాత పుట్టిన భాగం ఏదీ బండిలో కనిపించకూడదని పట్టుబడుతుంది. ఇంగ్లీషులో దీన్ని ‘పీరియడ్ కరెక్ట్’ అంటారు. నేను దీన్ని ‘కాలనిష్ఠ’ అంటాను. ఇది కారును కర్మాగారం నుంచి వచ్చిన స్థితికి చేర్చడం కాదు. హాట్‌రాడ్ కర్మాగారంలో పుట్టలేదు. 1948లో లాస్ ఏంజలెస్‌లో ఇరవయ్యేళ్ల కుర్రాడు, తన జీతంతో, తనకు అందుబాటులో ఉన్న తుక్కు సామానుతో ఏం చేయగలిగేవాడో అదే చేయడం కాలనిష్ఠ. అంటే అనుసరించవలసిన మూలప్రతి ఒక కారు కాదు, ఒక మనిషి పరిస్థితి.

ఆ కుర్రాడి పరిస్థితి తెలియాలంటే కొంత వెనక్కు వెళ్లాలి.

1927 చివర ఫోర్డు కంపెనీ మోడల్-టి స్థానంలో మోడల్-ఎ కారును తెచ్చింది. మోడల్-టి పెడలుబ్రేకు చక్రాల మీద కాక గేరుపెట్టెలో పనిచేసేది. దానితో పోలిస్తే నాలుగు చక్రాలకూ బ్రేకులున్న మోడల్-ఎ గొప్ప ముందడుగే. అయితే ఆ బ్రేకులు పూర్తిగా కడ్డీలతో నడిచేవి. పెడలు నొక్కితే బండి కింద అడ్డంగా ఉన్న ఒక దండం తిరిగేది. దాని నుంచి నాలుగు ఉక్కు కడ్డీలు నాలుగు చక్రాలకూ వెళ్లి, డ్రమ్ము లోపలి షూలను విప్పార్చేవి. ముందుచక్రాలు అటూ ఇటూ తిరగాలి గనుక, అక్కడ కింగ్‌పిన్ నడిమి రంధ్రంలోంచి ఒక పుల్లను దింపి దానితో షూలను నొక్కించారు. తెలివైన ఏర్పాటే. కాని నాలుగు కడ్డీల పొడవూ సమంగా కుదరాలి. ఒక కీలు అరిగినా, ఒక కడ్డీ మిగిలినవాటికన్నా వదులైనా బండి బ్రేకు వేసినప్పుడల్లా ఒక పక్కకు లాగుతుంది. వారం వారం కిందికి దూరి సరిచేసుకునే ఓపిక ఉన్నవాడికి అవి మంచి బ్రేకులే.

చిక్కు వేగంతో వచ్చింది. కదిలే బండిలో ఉండే శక్తి వేగం వర్గానుసారం పెరుగుతుంది. గంటకు 40 మైళ్లతో వెళ్లే బండి 80 మైళ్లతో వెళితే దాన్ని ఆపడానికి బ్రేకులు మింగవలసిన వేడి రెట్టింపు కాదు, నాలుగింతలు. 40 అశ్వశక్తుల మోడల్-ఎ కోసం చేసిన కడ్డీబ్రేకుల మీద, అంతకు ఎన్నోరెట్లు బలపరచిన వి-8 ఇంజనును మోపితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఈ చిక్కుకు విరుగుడు అప్పటికే లోకంలో ఉంది. ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ పీడనం అన్ని దిశలకూ సమంగా పాకుతుందని పాస్కల్ 17వ శతాబ్దంలోనే చెప్పాడు. ఒకే సిలిండరు నుంచి నాలుగు గొట్టాలు తీసి నాలుగు చక్రాలకు కలిపితే కడ్డీల పొడవు సరిచూసే బాధ ఉండదు. సమానత్వం ద్రవమే చూసుకుంటుంది. ఈ ఊహను కారుకు పనికివచ్చే రూపానికి తెచ్చినవాడు మాల్కమ్ లాగ్‌హెడ్. విమానాల లాక్‌హీడ్ సోదరుల్లో ఒకడు. జనం పేరును సరిగా పలకలేకపోవడంతో స్పెల్లింగునే లాక్‌హీడ్ అని మార్చుకున్నారు. 1921లో డ్యూసెన్‌బర్గ్ పందెపు కారు ఇటువంటి హైడ్రాలిక్ బ్రేకులతో ఫ్రెంచి గ్రాండ్ ప్రి గెలిచింది. 1924లో వాల్టర్ క్రైస్లర్ తన పేరిట తెచ్చిన మొదటి కారులో నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులే పెట్టాడు. లాక్‌హీడ్ మొదట సిలిండర్లలో వాడిన తోలు కప్పులు కారుతుంటే, క్రైస్లర్ ఇంజనీర్లు వాటి బదులు రబ్బరు కప్పులు తయారుచేసి ఆ పద్ధతిని నిలబెట్టారు.

ఇక్కడ మన మెట్టపొలాలు గుర్తుకొచ్చే విషయం ఒకటి ఉంది. ఆ రబ్బరు కప్పులను ఖనిజతైలం తాకితే అవి ఉబ్బి పాడవుతాయి. అందుకని ఆనాటి బ్రేకుద్రవం ఆముదానికి ఆల్కహాలు కలిపి తయారయ్యేది. ఆముదం సహజ రబ్బరుకు హాని చేయదు, పిస్టనుకు కందెనగానూ పనికివస్తుంది. పాలమూరు, నల్లగొండ ప్రాంతాల రైతులు వాన దక్కని నేలల్లో నమ్ముకున్న ఆముదపు గింజకు మోటారు చరిత్రలో ఇంత సూటి పాత్ర ఉందని తెలిసినప్పుడు నాకు ముచ్చటేసింది.

క్రైస్లర్ 1924లో మొదలుపెడితే, చవకైన కార్లలో ప్లిమత్ 1928లోనూ, షెవ్రొలే 1936లోనూ హైడ్రాలిక్‌కు మారాయి. హెన్రీ ఫోర్డు మాత్రం కదలలేదు. పెడలు నుంచి చక్రం దాకా ఉక్కే రక్ష అన్న అర్థం వచ్చే నినాదంతో ఆయన కంపెనీ 1930లలో ప్రకటనలు వేసుకుంది. 1937లో కడ్డీలు పోయి ఉక్కు తీగలు వచ్చాయే తప్ప ద్రవం రాలేదు. కొడుకు ఎడ్సెల్ హైడ్రాలిక్ కావాలని కోరుతూ వచ్చాడు. చివరకు 1939 మోడల్‌తో గాని ఫోర్డు కారుకు హైడ్రాలిక్ బ్రేకులు అమరలేదు. ప్లిమత్‌కన్నా పదకొండేళ్లు, షెవ్రొలేకన్నా మూడేళ్లు ఆలస్యం. ఇది ఫోర్డు మొదటి మొండితనం.

రెండవ మొండితనం బండి చట్రానికి సంబంధించింది. మోడల్-టి నాటి నుంచి ఫోర్డు ముందువైపు ఒకే గట్టి ఇరుసును, దాని మీద అడ్డంగా పరచిన ఒకే పట్టెల స్ప్రింగును వాడేవాడు. తక్కిన కంపెనీలు ఒక్కో చక్రానికి విడివిడిగా స్ప్రింగులు అమర్చి ముందుకు పోయినా ఆయన ఆ పాత ఏర్పాటును వదలలేదు. 1948 వరకూ ఫోర్డు కార్లన్నీ అలాగే వచ్చాయి. 1949 మోడల్‌తోనే ముందుచక్రాలకు స్వతంత్ర స్ప్రింగులు వచ్చాయి.

ఈ రెండు మొండితనాలు కలిసిన చోటే హాట్‌రాడ్ బ్రేకుల కథ పుట్టింది. మొదటి మొండితనం వల్ల 1938 వరకూ వచ్చిన ప్రతి ఫోర్డుకూ బ్రేకు మార్చుకునే అవసరం ఏర్పడింది. రెండవ మొండితనం వల్ల 1940 కారు నుంచి ఊడదీసిన బ్రేకు 1932 కారు మీదికి పెద్ద ప్రయాస లేకుండా ఎక్కింది. చట్రం పోలిక ఒకటే, ఇరుసు పోలిక ఒకటే, చక్రపు మేకుల వరస ఒకటే. రోగమూ ఆయనదే, మందూ ఆయన కొట్టులోదే!

యుద్ధం వచ్చింది. 1942 ఫిబ్రవరిలో అమెరికాలో పౌరుల కార్ల తయారీ నిలిచిపోయింది. 1945లో తిరిగి మొదలయ్యాక కూడా కొత్తకారు కావాలంటే చాలాకాలం వేచి ఉండవలసి వచ్చింది. సైన్యం నుంచి తిరిగివచ్చిన కుర్రాళ్లలో ఎందరో విమానాలు, ట్యాంకులు మరమ్మతు చేయడం నేర్చి వచ్చారు. చేతిలో కొంత డబ్బుంది, పనితనం ఉంది, కొనడానికి కొత్తది లేదు. కాని ప్రమాదాలకు గురైన 1939-41 ఫోర్డులు తుక్కు యార్డుల్లో చేరుతూనే ఉన్నాయి.

వీరికి బ్రేకులెందుకు అని అడగవచ్చు. ఎండిపోయిన సరస్సుల అడుగున, మ్యూరాక్‌లోనో ఎల్ మిరాజ్‌లోనో పందెం తీసేవారికి నిజంగానే అంత అవసరం లేదు. మైళ్లకొద్దీ పరచుకున్న చదును నేల. కాలు తీసేస్తే బండి తనంత తానే ఆగుతుంది. బరువు తగ్గించుకోవడానికి ముందుబ్రేకులు పూర్తిగా పీకేసినవారూ ఉన్నారు. కాని అదే బండిలో సోమవారం పనికి వెళ్లాలి. వీథిలో పిల్లలుంటారు, అడ్డంగా వచ్చే ట్రాములుంటాయి. నగరాల్లో రాత్రిపూట జరిగే వీథిపందేల వల్ల హాట్‌రాడ్ అన్న పేరే పత్రికల్లో తిట్టుపదంగా మారుతున్న రోజులవి. ఆ చెడ్డపేరు పోగొట్టుకోవడానికి పందెగాళ్ల సంఘం 1948 జనవరిలో లాస్ ఏంజలెస్‌లో ఒక ప్రదర్శన ఏర్పాటు చేసింది. రాబర్ట్ పీటర్సన్ ‘హాట్ రాడ్’ పత్రిక తొలి సంచికను అమ్మింది అక్కడే. 1951లో వాలీ పార్క్స్ తదితరులు జాతీయ సంఘాన్ని స్థాపించినప్పుడు భద్రతనే ధ్యేయంగా ప్రకటించుకున్నారు. కనుక ఆనాటి కుర్రాడికి మంచి బ్రేకులు తన ప్రాణానికే కాదు, తన అభిరుచికి సమాజంలో చోటు దక్కడానికీ అవసరమయ్యాయి.

అతను చేసిన పని ఇది. తుక్కు యార్డుకు వెళ్లి 1940-48 మధ్య ఫోర్డు నుంచి బ్యాకింగ్ ప్లేట్లు, షూలు, 12 అంగుళాల డ్రమ్ములు, హబ్బులు తెచ్చుకునేవాడు. 1939 బ్రేకులూ హైడ్రాలిక్‌వే గాని, ఆ యేటి చక్రాల మేకులు చాలా వెడల్పాటి వలయంలో ఉంటాయి. 1932 చక్రం వాటికి పట్టదు. 1940 నుంచి ఫోర్డు పాత కొలతకే, అంటే అయిదున్నర అంగుళాల వలయంలో అయిదు మేకులకే తిరిగివచ్చింది. అందుకే బ్రేకులు 1940వి. పెడళ్లు మాత్రం 1939వి! ఆ యేటి క్లచ్చు, బ్రేకు పెడళ్ల జత వెనుక మాస్టర్ సిలిండరు కలిసి ఒకే ముక్కగా వస్తుంది. దాన్ని పాత చట్రంలో నేల కింద సులువుగా అమర్చవచ్చు. 1936 వరకూ వచ్చిన స్పిండిలు మీద 1940ల హబ్బు ఎక్కించాలంటే లోపలి బేరింగు కింద ఒక ఉక్కు ఉంగరం కావాలి. దాన్ని లేతు మీద ఎవరైనా తిప్పి ఇస్తారు. ఆపైన గొట్టాలు వంచి కలపడం, గాలి తీయడం. ఒకటి రెండు వారాంతాల పని.

వీటికన్నా మంచివి కావాలనుకున్నవాడు లింకన్ కారు కోసం వెతికేవాడు. ఈ తేడా కొంచెం వివరించాలి. ఫోర్డు వాడిన లాక్‌హీడ్ పద్ధతిలో రెండు షూలూ కింద విడివిడిగా కీలుకు బిగించి ఉంటాయి. పైన సిలిండరు రెంటినీ విప్పారుస్తుంది. బండి ముందుకు పోయేటప్పుడు తిరుగుతున్న డ్రమ్ము ముందు షూను తనలోకి లాక్కుంటుంది, వెనుక షూను తోసేస్తుంది. అంటే రెండో షూ సగం పనే చేస్తుంది. లింకన్‌లో వచ్చిన బెండిక్స్ పద్ధతిలో రెండు షూలూ కింద ఒకదానికొకటి తగిలించి ఉంటాయే గాని ప్లేటుకు బిగించి ఉండవు. డ్రమ్ము లాక్కున్న మొదటి షూ రెండోదాన్ని నెడుతుంది. రెండోది పైనున్న ఒకే ఆధారానికి ఆనుకుని మరింత బలంగా డ్రమ్మును పట్టుకుంటుంది. తలుపు కింద చీల పెట్టి తలుపు నెట్టితే, నెట్టినకొద్దీ చీల ఎలా బిగుస్తుందో అలా. బండి వేగమే బండిని ఆపడానికి సాయపడుతుంది. సర్దుబాటు కూడా తేలిక. లాక్‌హీడ్‌లో కింది కీళ్లను కూడా కొలతపెట్టి తిప్పాలి, బెండిక్స్‌లో కింది పళ్లచక్రాన్ని ఒక సందులోంచి తిప్పితే చాలు. బాగా వేడెక్కినప్పుడు ఈ పద్ధతి పట్టు తొందరగా సడలుతుందన్న లోపం ఉన్నా, మామూలు వాడుకలో తేడా పెడలు మీద కాలు పెట్టగానే తెలుస్తుంది.

లింకన్‌లు తక్కువ, వాటి తుక్కు ఇంకా తక్కువ. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షం అన్నట్టు, ఎక్కువమంది ఫోర్డు లాక్‌హీడ్ బ్రేకులతోనే తృప్తిపడ్డారు. లోపల పారేదీ ఆముదపు ద్రవమే కనుక సామెత ఇక్కడ రెండు విధాలా సరిపోయింది.

ఇదంతా 1948 నాటి మాట. ఎంచుకున్న సంవత్సరం మారితే జవాబు మారుతుంది. 1940ల చివర కిన్‌మాంట్ అన్న పేరుతో డిస్కుబ్రేకులు కొద్ది సంఖ్యలో అమ్ముడయ్యాయి. ఈనాడు ఒక అసలైన జత దొరకడం గొప్ప అదృష్టం. 1950ల చివర బ్యూయిక్ కార్లకు వేడి చల్లార్చే రెక్కలున్న అల్యూమినియం డ్రమ్ములు వచ్చాయి. 1960లలో హాట్‌రాడ్‌లు వాటిని ఎగబడి తగిలించుకున్నాయి. అందుచేత 1948 పేరు చెప్పుకునే బండికి ఆ రెక్కల డ్రమ్ములు కనిపిస్తే, అది శాతవాహనుల నాటకంలో పాత్ర చేతికి గడియారం కట్టుకున్నట్టే. ఇటువంటి పొరపాట్లు పట్టుకోవడంలో ఈ అభిరుచి ఉన్నవారు శాసన పరిశోధకులకు ఏమాత్రం తీసిపోరు.

ఇక అసలు సమస్యకు వస్తాను. నేను ఉండే ఊళ్లో, మా వీథిలోనే, ఎనభైయేళ్లు పైబడిన పెద్దాయన ఒకరు 1932 రోడ్‌స్టరును 1948 నాటి పద్ధతిలో కడుతున్నారు. నేను వృత్తిచేత ఇంజనీరును కాను; చరిత్ర మీద ఆసక్తితో వారాంతాల్లో ఆయన షెడ్డుకు వెళ్లి పాత పనిముట్లు అందించేవాణ్ని. పైన రాసినదాంట్లో సగం ఆయన చేతులు చూసి నేర్చుకున్నదే. ఒకనాడు ఆయనకూ మనవడికీ మధ్య వాదం వచ్చింది. మనవడు ఇప్పుడు పెట్టెలో కట్టి అమ్మే కొత్త డిస్కుబ్రేకులు వేద్దామన్నాడు. ఆయన లింకన్ బెండిక్స్ తప్ప మరొకటి వద్దన్నారు. మనవడి చివరి మాట నాకు బాగా గుర్తు: తాతా, నీ తరువాత ఈ బండి నడపవలసింది నేను, పక్కన నా కూతురు కూర్చుంటుంది.

ఆ మాటకు జవాబు లింకన్ షూల్లో లేదు. సరిగ్గా అమర్చిన బెండిక్స్ డ్రమ్ములు టన్నుకు కాస్త పైనుండే ఆ తేలికబండిని చక్కగానే ఆపుతాయి. అసలు ప్రమాదం మాస్టర్ సిలిండరులో ఉంది. 1939 సిలిండరుకు ఒకటే గది, ఒకటే దారి. ఎక్కడ ఒక గొట్టం పగిలినా, ఒక్క రబ్బరు కప్పు చినిగినా ద్రవమంతా పోతుంది; నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. మన దగ్గర పాత అంబాసిడర్లు, లారీలు నడిపినవారిని అడిగితే పెడలు నేలకు తాకిన క్షణం ఎలా ఉంటుందో, గబగబా పెడలు కొట్టి మళ్లీ పట్టు తెప్పించుకోవడం ఎలాగో చెబుతారు. నాలుగు కడ్డీలున్న బండిలో ఒక కడ్డీ తెగినా మూడు మిగులుతాయి. ఇది చూశాక హెన్రీ ఫోర్డు భయం ఉత్త ఛాందసం కాదనిపించింది. ఆయన ఎంచుకున్న మందు తప్పు కావచ్చు, చూపిన రోగం నిజం. దానికి సరైన జవాబు రావడానికి దాదాపు నలభైయేళ్లు పట్టింది. ముందుచక్రాలకు ఒక గది, వెనుకచక్రాలకు ఒక గది ఉన్న జంట మాస్టర్ సిలిండరు 1962లో కాడిలాక్ వంటి కార్లలో మొదలై, 1967 మోడళ్ల నాటికి అమెరికా కార్లన్నిటికీ వ్యాపించింది. ఆ వెంటనే చట్టమూ అయింది. ఒక దారి పోయినా రెండోది ఆపుతుంది.

ఇక్కడ కాలనిష్ఠ ఏమనాలి? 1967 నాటి భాగాన్ని 1948 బండిలో పెట్టవచ్చునా?

ఒక సులువైన వాదం ఉంది. ఆనాటి కుర్రాడు తనకు దొరికినవాటిలో అన్నిటికన్నా మంచిదాన్నే పెట్టుకున్నాడు. కాబట్టి మనమూ ఈనాడు దొరికే మంచిదాన్ని పెట్టుకోవడమే అతని స్ఫూర్తి అని. వినడానికి బాగుంటుంది గాని నాకు సమ్మతం కాదు. ఆ దారిలో పోతే కొత్త ఇంజనూ స్ఫూర్తే, కంప్యూటరూ స్ఫూర్తే. చివరకు మిగిలేది పాతకారు బొమ్మ మాత్రమే. ఆ కుర్రాడికి దొరకనివి ఏవో తెలియడమే ఈ బండి మనకు చెప్పే పాఠం. ఆ లేమి చెరిగిపోతే పాఠమూ చెరిగిపోతుంది. మరోవైపు, అతని బతుకులోని ప్రతి ప్రమాదాన్నీ తిరిగి బతికించడం చరిత్రపట్ల గౌరవమూ కాదు. ఆ ప్రమాదాన్ని అతను కోరి తెచ్చుకోలేదు. వేరే దారి లేక భరించాడు. పైగా ఇప్పటి రోడ్డు మీద ఆ ప్రమాదం మన ఒక్కరిదే కాదు. ఎదురుగా వచ్చేవారు మన నియమానికి సంతకం పెట్టలేదు.

నాకు తోచిన మార్గం మన గ్రంథపరిష్కర్తల నుంచి నేర్చుకున్నది. తాళపత్ర ప్రతిని అచ్చు వేసేటప్పుడు మంచి పరిష్కర్త తనకు నచ్చినట్టు పద్యాన్ని తిరగరాయడు. ప్రతిలో ఉన్నదాన్ని వీలైనంత నిలుపుతాడు. ఎక్కడైనా దిద్దక తప్పకపోతే దిద్ది, ప్రతిలో ఫలానా పాఠం ఉంది, నేను ఇలా మార్చాను అని అధోజ్ఞాపికలో రాస్తాడు. దిద్దుబాటు దోషం కాదు, దాన్ని దాచడం దోషం. బండికీ ఇదే న్యాయం. లింకన్ డ్రమ్ములు, 1939 పెడళ్లు, ఆనాటి పద్ధతిలో నడిపిన గొట్టాలు ఉండనీయండి. నేల కింద, ఎవరికీ కనిపించని చోట మాత్రం జంట సిలిండరు పెట్టండి. పెట్టి, ఆ సంగతి తేదీతో సహా బండి రికార్డు పుస్తకంలో రాయండి. రేపు ఈ బండిని చూసి 1948 గురించి తెలుసుకోవాలనుకునే వాడికి మనం అబద్ధం చెప్పకూడదు.

ఈ మాటే ఆ షెడ్డులో చెప్పాను. పెద్దాయన వెంటనే ఒప్పుకోలేదు. రెండు వారాల తరువాత వెళ్లేసరికి పాత సిలిండరును శుభ్రంగా తుడిచి, నూనె రాసి, చీటీ కట్టి ఒక పెట్టెలో పెట్టి ఉంచారు. మనవడు చట్రం కింద పడుకుని కొత్తదానికి బ్రాకెట్టు కొలుస్తున్నాడు. లింకన్ డ్రమ్ములు అలాగే ఉన్నాయి.

ఈ పనికి పూనుకునే మిత్రులకు ఉపయోగపడతాయని నేను నేర్చుకున్నవి కొన్ని రాస్తాను. అధోజ్ఞాపికలో చేరవలసిన మార్పులు సిలిండరుతో ఆగవు. ఆనాటి లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. పాత షూలను విప్పేటప్పుడు ఆ దుమ్మును గాలితో ఊదకూడదు, చీపురుతో ఊడ్వకూడదు, తడిపి తుడవాలి. కొత్త లైనింగు ఆస్బెస్టాస్ లేనిదే వేయించుకోవాలి. పాత డ్రమ్మును లేతు మీద ఎన్నిసార్లు తిప్పారో చూడాలి. పలచబడ్డ డ్రమ్ము వేడికి సాగుతుంది, పగులుతుంది. డెబ్బైయేళ్ల నాటి రబ్బరును ఎంత అపురూపంగా దొరికినా వాడకూడదు. తుప్పుపట్టిన వీల్ సిలిండరు లోపల స్టీలు తొడుగు వేయించవచ్చు, బయటి రూపం మారదు. అందంగా ఉందని వట్టి రాగిగొట్టం వాడేవారున్నారు. అదురుకు రాగి పెళుసెక్కి చీలుతుంది కనుక బ్రేకులకు అది పనికిరాదు. ఉక్కుగొట్టానికి కొసలు రెండు మడతలుగా విప్పార్చి బిగించాలి. డ్రమ్ముబ్రేకుల దారిలో పది పౌండ్ల పీడనం నిలిపే చిన్న వాల్వు ఉండాలి. పాత ఫోర్డు సిలిండరులో అది లోపలే ఉండేది. కొత్త సిలిండరులో ఉందో లేదో చూసుకుని, లేకపోతే వేరుగా పెట్టాలి. ఇక ఆముదం, ఆల్కహాలు వద్దు. ఇప్పటి బ్రేకుద్రవమే పోయాలి, అది గాలిలోని తేమను పీల్చుతుంది కనుక తరచు మార్చాలి. ఇవేవీ బండి ముఖాన్ని మార్చవు.

హెన్రీ ఫోర్డు 1947లో పోయాడు. ఆయన పట్టుదలగా కాపాడిన అడ్డస్ప్రింగు మరుసటి యేటి మోడళ్లతో ముగిసింది. ఆయన వద్దన్న ద్రవం ఆయన కార్ల గొట్టాల్లోనే ప్రవహించింది. ఆయన భయపడిన లోపాన్ని ఆయన పోయిన ఇరవయ్యేళ్లకు మరెవరో సరిదిద్దారు. ఈ ముగ్గురి పనీ, అంటే ఆ మొండి యజమానిదీ, తుక్కులోంచి మందు ఏరుకున్న పేరులేని కుర్రాడిదీ, రెండో గది చేర్చిన ఇంజనీరుదీ, ఒకే బండి నేల కింద కలిసి ఉండటంలో నాకు ఏ అపచారమూ కనిపించడం లేదు. ఎవరి పని ఏదో చూసేవాడికి తెలిస్తే చాలు. మీలో ఎవరైనా పాత బండినో, పాత రేడియోనో, పాత పుస్తకాన్నో బాగుచేస్తూ ఎక్కడ ఆగాలో తేల్చుకున్నవారుంటే, ఏ లెక్కన తేల్చుకున్నారో రాయండి. చదవాలని ఉంది.